ఎనిమిది నిమిషాలకోసారి

స్నానాలగదిలో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నది అత్తగారొక్కతే అయినా, ఆ రోజు నుంచి కుంటుతున్నది మాత్రం ఇంటిల్లిపాదీ. ఏ డబ్బాలో ఏముందో, ఏ తువ్వాలు ఎవరిదో చెప్పే మనిషి ఆసుపత్రి మంచమెక్కేసరికి, ఇరవై రెండేళ్లుగా అదే వంటింట్లో తిరుగుతున్న కోడలికి కూడా పంచదార దొరకలేదు. పంచదార డబ్బా మీద ‘ఉప్పు’ అని రాసిపెట్టడం అత్తగారి పద్ధతి. చీమలకి చదువొచ్చని ఆవిడ అనుమానం.

ఆపరేషన్ నిన్న పొద్దున అయింది. బాగానే అయిందన్నారు. తర్వాత ఆవిణ్ణి మూడో అంతస్తులో కిటికీ పక్క మంచం మీదకి చేర్చి, పక్కనున్న కడ్డీకి ఒక మిషను బిగించారు. లావుపాటి పుస్తకమంత మిషను. దాని పొట్టలో నొప్పి మందు నింపిన పెద్ద సిరంజి. పొట్టలోంచి ఒక సన్నటి గొట్టం అత్తగారి చేతి నరంలోకి, ఇంకో పక్కనుంచి ఒక వైరు, వైరు చివర బటన్, బటన్ మీద చిన్న పచ్చదీపం. నొప్పనిపిస్తే నొక్కాలి. నొక్కితే కాస్త మందు లోపలికెళ్ళి దీపం ఆరిపోతుంది. ఎనిమిది నిమిషాలయ్యాక మళ్ళీ వెలుగుతుంది. ఈలోగా ఎన్నిసార్లు నొక్కినా మిషను ఉలకదు పలకదు.

“నొక్కగలరా అమ్మగారూ? ఏదీ, ఒక్కసారి నొక్కి చూపించండి,” అంది నర్సు, చేతిలో పలకలాంటి కంప్యూటరు పట్టుకుని.

చిక్కు అక్కడే వచ్చింది. అత్తగారు ముప్పై ఎనిమిదేళ్లు ఒక ఆఫీసులో టైపిస్టు. ఆవిడ టైపు కొడుతుంటే రేకుల మీద వడగళ్ళ వాన పడ్డట్టుండేదట. ఇది ఆవిడ చెప్పిన మాటే, విన్నవాళ్ళెవరూ ఇప్పుడు అందుబాటులో లేరు. ఆ వేళ్ళు కీళ్ళవాతంతో అల్లం కొమ్ముల్లా వంకర్లు తిరిగిపోయి చాలాకాలమైంది. సీసా మూత తియ్యడం, బట్టల హుక్కులు పెట్టడం, మందుబిళ్ళ రేకులోంచి బయటికి నొక్కడం, అన్నీ కోడలే. ఈ సంగతి మూడో మనిషికి తెలియకూడదన్నది ఆ ఇద్దరి మధ్యా రాతకోతలు లేని ఒప్పందం. కన్నకూతురికి కూడా సగమే తెలుసు.

నర్సు అడిగేసరికి ఆవిడ బటన్ని దుప్పటి కిందకి లాక్కుని, రెండు చేతులా పట్టుకుని, పళ్ళు బిగించి, మొహానికి మాత్రం నవ్వు తగిలించి నొక్కింది. మిషను కీచుమంది. నర్సు ‘రోగి బటన్ నొక్కగలరా?’ అన్న గడిలో టిక్కు పెట్టుకుని వెళ్ళిపోయింది.

ఆవిడ గుమ్మం దాటగానే అత్తగారు బటన్ని కోడలి ఒళ్ళో పడేసింది.

“నువ్వు నొక్కవే. దిక్కుమాలిన బటన్, బండరాయిలా ఉంది.”

అలా మొదలైంది. మొదట్లో ఆవిడ నొక్కమన్నప్పుడే కోడలు నొక్కేది. సాయంత్రానికి మందు పట్టుకుని ఆవిడ కళ్ళు మూసుకుంది. నిద్రలో మూలిగింది. మూలిగిందంటే నొప్పే కదా అని కోడలు నొక్కింది. కాసేపటికి, మూలగకముందే నొక్కితే అసలు మూలుగే ఉండదు కదా అనిపించింది. ఇరవై రెండేళ్లుగా ఆ ఇంట్లో తను చేస్తున్నది అదే. అడక్కముందే అందివ్వడం.

ఈ ఆలోచనని ఆడపడుచు వచ్చి ఒక కార్యక్రమంగా మార్చేసింది. ఆవిడ బళ్ళో ఆటల టీచరుగా చేసి రిటైరైన మనిషి. మెళ్ళో విజిలు తీసేసి మూడేళ్లయినా అది ఇంకా అక్కడే వేలాడుతున్నట్టు ఇంట్లో అందరూ ఆవిడ ముందు నిటారుగా నిలబడతారు. పిల్లలు చాటుగా ‘విజిల్ అత్త’ అంటారు. కోడలు పైకి ‘వదినా’ అనే అంటుంది.

వదిన ఒక కాగితం మీద గీతలు గీసి, నాలుగేసి గంటల చొప్పున డ్యూటీలు పంచింది. పాత స్టాప్‌వాచీ ఒకటి తెచ్చి కిటికీ గట్టు మీద పెట్టింది.

“పచ్చదీపం వెలిగిందా, నొక్కెయ్. కునుకు తీశానూ, కాఫీకెళ్ళానూ అనే కబుర్లు నా దగ్గర కాదు. ఎందుకైనా మంచిది, ఐదారు సార్లు నొక్కండి. ఒకటి అందకపోయినా ఇంకోటి అందుతుంది.”

“అన్నిసార్లు నొక్కితే ఎక్కువైపోదా వదినా?”

దానికి జవాబు కోడలి భర్త చెప్పాడు. ఆయన లిఫ్టులు బాగుచేస్తాడు. బటన్ అన్న మాట వినపడితే తన ఇలాకాలోకి వచ్చినట్టే.

“ఏమీ కాదు. లిఫ్టు బటన్ లాంటిదే ఇదీను. వందసార్లు నొక్కినా లిఫ్టు ఒక్కసారే వస్తుంది. లోపల తాళం ఉంది, ఎక్కువివ్వమని బతిమాలినా ఇవ్వదు. మనుషులు తప్పులు చేస్తారనేగా మిషన్లు కనిపెట్టింది!”

ఇరవయ్యేళ్ళ అనుభవం మాట్లాడుతుంటే ఎవరు కాదంటారు? ఆ లిఫ్టు ఎనిమిది నిమిషాలకోసారి వస్తూనే ఉందనీ, వచ్చిన ప్రతిసారీ అమ్మని ఒక అంతస్తు కిందకి దించుతోందనీ ఎవరికీ తట్టలేదు.

ఈ రోజు పొద్దున డ్యూటీ డాక్టరు వచ్చాడు. కుర్రవాడు, కళ్ళ కింద నలుపు. మంచం దగ్గర నిలబడి కంప్యూటరు తెర చూశాడు. ఆసుపత్రిలో కొత్తగా పెట్టిన ఏర్పాటది. ఏ మంచం మిషను ఎన్నిసార్లు నొక్కారో అదే లెక్కగట్టి, ఏం చెయ్యాలో కూడా అదే సలహా ఇస్తుంది.

“రాత్రంతా తెగ నొక్కారు. నొప్పి బాగా ఉన్నట్టుంది. కాస్త పెంచుతాను,” అని పెంచి వెళ్ళాడు.

“చూశావా,” అంది వదిన గర్వంగా. “మనం నొక్కబట్టే డాక్టరుకి తెలిసింది.”

కోడలు కూడా సంతోషించింది. ఆ సంగతి తర్వాత ఆమె మర్చిపోదామనుకుంటుంది కానీ మర్చిపోలేకపోతుంది.

*

మధ్యాహ్నం రెండింటికి కోడలి డ్యూటీ. వదిన లేచి బటన్ని చేతికందించింది.

“హాయిగా పడుకుంది. పదకొండు నుంచి ఒక్క మూలుగు లేదు. ఇప్పుడే నొక్కాను, మళ్ళీ రెండూ ఎనిమిదికి.” అని గుక్కెడు నీళ్ళు తాగి, సంచీ తీసుకుని మొహం కడుక్కోడానికి వెళ్ళింది.

కోడలు కుర్చీలో కూర్చుంది. కాసేపు బాగానే ఉంది. తర్వాత ఎందుకో గది వెలితిగా అనిపించింది. చుట్టూ చూసింది. అన్నీ ఉన్నాయి. మంచం, మిషను, ముక్కు కింద ఆక్సిజన్ గొట్టం, రక్తంలో ఆక్సిజన్ కొలవడానికి వేలికి తగిలించిన క్లిప్పు, దాని తెర మీద తొంభై ఏడు. మరి లేనిదేమిటి?

గురక లేదు.

అత్తగారి గురకతో కోడలికి గోడ అవతలి నుంచి ఇరవై రెండేళ్ల పరిచయం. ముందు బరువైన కుర్చీ ఈడ్చినట్టు ఒక లాగుడు, తర్వాత సన్నటి ఈల, చివర్న పెదాల మధ్య ‘ఫుత్’మని ఒక చిన్న పేలుడు, వెంటనే మళ్ళీ కుర్చీ. పెళ్ళయిన కొత్తలో ఆ చప్పుడికి ఆమెకి నిద్రపట్టేది కాదు. తర్వాత ఎప్పటికో అది లేకపోతే పట్టడం మానేసింది.

వంగి చెవి పెట్టింది. కుర్చీ కదిలింది, నీరసంగా. ఈల లేదు. పేలుడు లేదు. ఆ తర్వాత ఏమీ లేదు. ఏమీ లేకపోవడం చాలాసేపు సాగింది. కోడలు తెలియకుండానే తన ఊపిరి బిగపట్టింది. తనకి ఊపిరాడక వదిలేసింది. అప్పుడు, ఎవరో బలవంతం చేస్తే కదిలినట్టు, మళ్ళీ కుర్చీ.

స్టాప్‌వాచీ తీసుకుని నొక్కింది. నిమిషానికి ఆరు. నమ్మకం కుదరక తన ఊపిరి లెక్కపెట్టుకుంది. భయానికి ఇరవై నాలుగొచ్చింది. అత్తగారిది మళ్ళీ లెక్కపెట్టింది. ఈసారి ఐదు.

“అత్తయ్యా.”

పలకలేదు.

“అత్తయ్యా! కాఫీ తాగుతారా?”

భుజం పట్టుకుని కుదిపింది. తల ఇటు నుంచి అటు వాలింది, అంతే. కోడలు ఆవిడ చెవి దగ్గర నోరు పెట్టింది. ఇంట్లో ఎంత గాఢనిద్రలో ఉన్నా, జ్వరంలో ఉన్నా, చివరికి మామగారు పోయిన నాటి దుఃఖంలో కూడా ఆవిణ్ణి మంచం మీద నుంచి లేపిన మాట ఒకటుంది.

“అత్తయ్యా, పాలు పొంగిపోతున్నాయి!”

కనురెప్ప కూడా కదల్లేదు.

కోడలు పిలుపు గంట నొక్కింది. ఒకసారి కాదు, వదిన చెప్పిన లెక్కలో, ఐదారు సార్లు.

నర్సు చేతులు తుడుచుకుంటూ వచ్చింది. వచ్చీరాగానే క్లిప్పు తెర చూసింది.

“తొంభై ఏడు. బ్రహ్మాండం. ఏమైందమ్మా?”

“ఊపిరి సరిగ్గా తీసుకోవట్లేదు సిస్టర్. లేపితే లేవట్లేదు.”

“నిన్నంతా నొప్పితో నిద్రలేదు కదా, పాపం. పడుకోనివ్వండి.” అంటూనే నర్సు తన కంప్యూటరులో గడులు నింపుతోంది. రక్తపోటు. జ్వరం. శ్వాస అన్న చోట, రోగి వైపు తల తిప్పకుండానే, ‘పదహారు’ అని వేసింది. కోడలు ఆ పదహారుని కళ్ళారా చూసింది. పైన పొద్దుటి వరసలో కూడా పదహారే ఉంది, అంతకుముందు కూడా.

“పదహారు లేవండీ. ఐదే ఉన్నాయి. నేను లెక్కపెట్టాను.”

“గురకపెట్టేవాళ్ళకి అలాగే అనిపిస్తుందమ్మా. తెరలో అంకె పడిపోతే మోత మోగుతుంది, మీరు కంగారు పడకండి. అసలు ఈవిడకి నొప్పే తగ్గట్లేదని కంప్యూటరు ఎర్రగా చూపిస్తోంది. డాక్టరుగారు ఇంకాస్త పెంచుతున్నారు.”

“ఇంకా పెంచుతారా?”

“అన్నిసార్లు నొక్కుతుంటే పెంచరా మరి?”

“అంత మందు లోపలికెళ్తే… ప్రమాదం ఉండదా?”

నర్సు నవ్వింది. పద్దెనిమిది మంచాలకి ఇద్దరే నర్సులున్న చోట ఆ మాత్రం నవ్వు ఎక్కడి నుంచి తెచ్చుకుందో.

“అందుకే కదా బటన్ రోగి చేతికిచ్చేది! మత్తు ఎక్కువైతే నిద్రపోతారు. నిద్రపోతే నొక్కలేరు. నొక్కకపోతే మందు రాదు. దానంతటదే ఆగిపోతుంది. అంతకంటే రక్ష ఏం కావాలి?”

అవతల ఎవరో రోగి తన గొట్టాలు పీక్కుంటున్నాడని కేక వినపడింది. నర్సు పరుగెత్తింది.

కోడలు కదల్లేదు. ఆమె బొటనవేలు ఇంకా బటన్ మీదే ఉంది. పచ్చదీపం వెలిగింది. రెండూ ఎనిమిది. నిన్న మధ్యాహ్నం నుంచి నేర్చుకున్న వేలు దానంతటదే వంగబోయింది. పాము మీద చెయ్యి పడ్డట్టు ఆమె బటన్ని విసిరికొట్టింది. అది మంచం కడ్డీకి తగిలి వైరుకి వేలాడుతూ ఊగింది, పచ్చగా వెలుగుతూ.

వెనక్కి తిరిగితే గుమ్మంలో వదిన. సంచీ భుజాన వేసుకుని, మొహం తెల్లగా సున్నం కొట్టినట్టుంది. అంతా వింది.

“వదినా, విన్నారా…”

“మెల్లగా మాట్లాడు.” వదిన తలుపు దగ్గరికి వేసింది. “ఏం కాలేదు. ఇక నొక్కకు. నొక్కకపోతే దానంతటదే ఆగిపోతుందని చెప్పిందిగా. గంటలో అమ్మ లేచి కూర్చుంటుంది. ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు.”

“ఇప్పటిదాకా వెళ్ళిన మందు మాటేంటి?”

“దిగిపోతుంది.”

“ఊపిరి ఆగితే?”

“ఆగదు!” అని, తన గొంతుకి తనే భయపడి, వదిన మళ్ళీ గుసగుసలోకి దిగింది. “ఏమని చెప్తావే? మా అమ్మని మేమే చంపుకున్నాం అని చెప్తావా?”

“ఇంకా బతికే ఉంది వదినా!”

ఇద్దరూ మంచం వైపు చూశారు. స్టాప్‌వాచీ ఇప్పుడు వదిన చేతిలో ఉంది. వందల మంది పిల్లల పరుగుల్ని కొలిచిన చెయ్యి అది. కుర్చీ కదిలింది. వదిన నొక్కింది. పన్నెండు సెకన్లు. కుర్చీ. పద్దెనిమిది. కుర్చీ. ఇరవై… ఇరవై మూడు… ఇరవై ఆరు…

అత్తగారి పెదాలకి ఎప్పుడూ లేని రంగొకటి వచ్చింది. సిరా మరకలాంటి రంగు.

కోడలికి వెళ్ళి చెప్పాలని ఉంది. ఆపుతున్నది వదిన మాటొక్కటే కాదు. వదిన కూతురు, ఏడుస్తుంది, నలుగురూ ఓదారుస్తారు. భర్త కొడుకు, ఆయన్నీ ఓదారుస్తారు. కోడలు బటన్ నొక్కింది, అత్త పోయింది. ఈ కథకి మిగతా భాగం అల్లుకోడానికి చుట్టాలకి ఎంతసేపు పడుతుంది? ఒక ఫోను కాల్ చాలు. ఇరవై రెండేళ్లు హుక్కులు పెట్టిన చేతుల్ని ఇక జీవితాంతం అందరూ ఆ ఒక్క పనికే గుర్తుపెట్టుకుంటారు.

ముప్పై ఒకటి.

“వదినా, ఊపిరి రాలేదు.”

“వస్తుంది.”

“రాలేదు వదినా!”

స్టాప్‌వాచీ వదిన చేతిలోంచి జారి నేల మీద పడి, అక్కడ పడి కూడా లెక్కపెడుతూనే ఉంది. కోడలు తలుపు తీసుకుని పరుగెత్తింది.

వరండా అంత పొడుగుంటుందని ఆమెకి అంతకుముందు తెలీదు. తడిగుడ్డ పెట్టినచోట చెప్పు జారితే గోడ పట్టుకుని, చెప్పు వదిలేసి వెళ్ళింది. నర్సుల బల్ల దగ్గర కుర్ర డాక్టరు కంప్యూటరు ముందు కూర్చుని ఉన్నాడు. తెర మీద వాళ్ళ మంచం వరస ఎర్రగా మెరుస్తోంది. ‘నొప్పి అదుపులో లేదు. మోతాదు పెంచడం పరిశీలించండి.’ ఆయన వేలు మౌసు మీద ఉంది.

“పెంచకండి! మేమే నొక్కాం.”

డాక్టరు తలెత్తాడు. “ఎవరమ్మా మీరు?”

“కిటికీ పక్క మంచం. అది ఆవిడ నొక్కలేదు, మేం నొక్కాం. ఊపిరి ఆగిపోతోంది, రండి.”

“మీరు నొక్కడమేంటి? బటన్ రోగి కదా…”

కోడలు తన బొటనవేలు ఆయన మొహం ముందు పెట్టింది. “ఈ వేలితో! నేను, మా వదిన, మా ఆయన. డ్యూటీలేసుకుని నొక్కాం. నిద్రపోతున్నా నొక్కాం. ఆవిడ వేళ్ళు పనిచెయ్యవు డాక్టరుగారూ. చాలా ఏళ్ల నుంచి పనిచెయ్యవు.”

డాక్టరు తెర మీది లెక్క చూశాడు. ఏడు వందల పద్నాలుగు నొక్కుళ్ళు.

“ఇందులో ఆవిడ నొక్కినవెన్ని?”

“ఒకటి.”

ఆయన కుర్చీ వెనక్కి పడిపోయింది. ఆ చప్పుడు ఆగకముందే ఆయన వరండాలో సగం దూరంలో ఉన్నాడు.

*

తర్వాత జరిగింది కోడలు గోడకి ఆనుకుని, ముక్కలు ముక్కలుగా చూసింది. డాక్టరు కనురెప్ప ఎత్తితే లోపలి నల్లగుడ్డు సూదిమొనంతై ఉంది. ఇక మందు రాకుండా మిషను గొట్టాన్ని నొక్కి బిగించేశారు. మొహానికి మూత పెట్టి, దానికున్న రబ్బరు సంచీని చేత్తో పిసుకుతూ నర్సు గాలి లోపలికి పంపుతోంది. పిసికినప్పుడల్లా ఛాతీ లేస్తోంది. ఇంకో నర్సు ఒక చిన్న సీసా విరిచి డాక్టరుకి అందించింది. వదిన నేల మీద కూలబడి, ఆగని స్టాప్‌వాచీని ఒళ్ళో పెట్టుకుని చూస్తోంది.

ఒక నిమిషం. ఏమీ లేదు. డాక్టరు ఇంకాస్త ఎక్కించాడు.

అప్పుడు అత్తగారు అరిచింది.

అది మనిషి అరుపులా లేదు. విరిగిన ఎముక, కోసిన కండ, బిగించిన మేకు, నిన్నటి నుంచి అణిగి ఉన్న నొప్పంతా ఒక్క పెట్టున నోట్లోంచి బయటపడ్డట్టుంది. మూడో అంతస్తంతా నిశ్శబ్దమైపోయింది. కోడలు రెండు చేతులా నోరు మూసుకుంది. ఇంత ఘోరమైన చప్పుడు ఆమె జన్మలో వినలేదు. ఇది ఆగకూడదని మొక్కుకుంది.

“విరుగుడు మందమ్మా,” అన్నాడు డాక్టరు. నుదుటి నుంచి చెమట కారుతోంది. “ఊపిరిని ఆపుతున్న మందునీ, నొప్పిని ఆపుతున్న మందునీ విడదీసి చూడదు. రెండూ ఒకటే కదా. అంతా కడిగేస్తుంది.”

“మళ్ళీ నొప్పి మందు…?”

“ఇప్పుడే ఇవ్వలేను. ఈ విరుగుడు ముప్పావుగంటలో దిగిపోవచ్చు. లోపలున్న మందు అంతకంటే మొండిది. మళ్ళీ మత్తులోకి లాగుతుంది. నర్సు ఇక్కడే ఉంటుంది, నేనూ వస్తుంటాను. మీరు మాట్లాడిస్తూ ఉండండి. నిద్రపోనివ్వకండి. ఊపిరి లెక్కపెట్టండి, పదికి తగ్గితే అరవండి.”

“తెరలో తొంభై ఏడుందండీ. అంతసేపూ తొంభై ఏడే ఉంది.”

“ముక్కుకి ఆక్సిజన్ ఇస్తున్నాం కదా. ఊపిరి ఆగేదాకా ఆ అంకె బాగానే ఉంటుంది.” ఆయన చొక్కా చేతికి నుదురు తుడుచుకున్నాడు. “నాకు తెలుసు ఆ సంగతి. పరీక్షలో రాశాను కూడా. పొద్దున పెంచేటప్పుడు ఈవిణ్ణి ఒకసారి లేపి, నొప్పి ఎంతుందమ్మా అని అడిగితే అయిపోయేది. తెర చూశాను.”

నర్సు మిషన్ని కడ్డీ మీద వెనక్కి తిప్పింది. ప్లగ్గు ఉన్న వైపు కాబట్టి నిన్నటి నుంచి గోడకేసి ఉన్న పక్క ఇప్పుడు బయటికొచ్చింది. దాని మీద పసుపుపచ్చ కాగితం అంటించి ఉంది. ‘బటన్ రోగి మాత్రమే నొక్కాలి. ఇతరులు నొక్కితే ప్రాణాపాయం.’ గోడ మాత్రం బాగా చదువుకుని ఉంటుంది.

“నిన్న నేను చెప్పాను మీకు,” అంది నర్సు. ఆ కాగితాన్ని మళ్ళీ చూసి, “చెప్పానా?” అంది.

నర్సు తన కంప్యూటరు తీసి, పదహారు ఉన్న గడి వైపు చాలాసేపు చూసింది. “అందరికీ పదహారే వేస్తాం,” అంది, ఎవరినీ చూడకుండా.

*

భర్త రెండున్నర దాటాక వచ్చాడు, చేతులకి గ్రీజుతో. ఏదో భవనంలో లిఫ్టు గొయ్యిలో దిగి ఉండగా ఫోనెళ్ళింది. కోడలు మూడు వాక్యాల్లో చెప్పింది. ఆయన వేలాడుతున్న బటన్ని చూశాడు, దాన్ని ముట్టుకోబోయి, చెయ్యి వెనక్కి తీసుకుని జేబులో దాచుకున్నాడు.

“తాళం ఉందిగా…” అన్నాడు.

“ఉంది. మిషనుకి,” అంది కోడలు.

ఆయన వెళ్ళి వరండాలో అక్క పక్కన కూర్చున్నాడు. తల్లి అరుపులు అక్కడికి కూడా వినపడతాయి.

లోపల కోడలు మంచానికి మరీ దగ్గరగా కుర్చీ జరుపుకుంది. అత్తగారి కళ్ళ నుంచి నీళ్ళు చెవుల్లోకి కారుతున్నాయి.

“నొక్కవే… నీకు దణ్ణం పెడతాను, ఒక్కసారి నొక్కు…”

ఆవిడ దణ్ణం పెడతానన్న మాట ఈ ఇరవై రెండేళ్లలో దేవుడికి కూడా అంత తేలిగ్గా దక్కలేదు. కోడలి బొటనవేలు కదిలింది. దాన్ని గుప్పిట్లో బిగించింది.

“లేదత్తయ్యా. ఇప్పుడు నొక్కకూడదు.”

“రాక్షసివే నువ్వు.”

“అవునత్తయ్యా.” పధ్నాలుగు.

మూడు దాటాక అరుపులు మూలుగులయ్యాయి. మూలుగులు సన్నబడ్డాయి. అత్తగారి రెప్పలు వాలుతున్నాయి. మొహంలో ముడతలు విడిపోతున్నాయి. ఎంత హాయిగా ఉందో చూడ్డానికి! నిన్నటి కోడలైతే మురిసిపోయేది. ఇవాళ్టి కోడలు లెక్కపెట్టింది. పదకొండు. పది.

“సిస్టర్!”

నర్సు రెండో విరుగుడు సిద్ధం చేసుకుంటూ, “మాట్లాడించండి, ఏదో ఒకటి మాట్లాడించండి,” అంది.

ఏం మాట్లాడాలి? పాలు పొంగడం మధ్యాహ్నమే ఓడిపోయింది. కోడలు ఒక్క క్షణం ఆలోచించింది. ఈ రోజుకి పెద్ద నేరమే ఒప్పేసుకుంది కాబట్టి చిన్నవాటికి ఇక సిగ్గేమిటి?

“అత్తయ్యా, అటక మీద మీ టైపు మిషను లేదు. రెండేళ్ల కిందే పాతసామాన్లవాడికిచ్చేశాను.”

రెప్పలు తెరుచుకున్నాయి. మెల్లగా కాదు.

“ఏమన్నావ్?”

“ఊరికే ఇచ్చాను. తీసుకెళ్తే చాలన్నాను.”

“నా మిషను… ముప్పై ఎనిమిదేళ్ల…” ఊపిరి బుస్సుమంటూ లోపలికెళ్ళింది, తిట్టుగా బయటికొచ్చింది, ఇంకో తిట్టు కోసం మళ్ళీ లోపలికెళ్ళింది. తిట్టడానికి గాలి కావాలి కదా. కోడలు తల వంచుకుని లెక్కపెడుతోంది. పన్నెండు. పదమూడు. “మీ చెల్లెలు పంపిన శాలువా నేనే పోగొట్టాను, రైల్లో ఎవరూ కొట్టెయ్యలేదు.” పధ్నాలుగు. “ఉప్పు డబ్బాలో ఇప్పుడు నిజంగా ఉప్పే పోశాను.” పదిహేను.

నర్సు సిరంజి పట్టుకుని, సూది పెట్టాలో ఆగాలో తెలియక, ఆగింది.

తిట్లయిపోయాక నొప్పి మళ్ళీ వచ్చింది. అత్తగారు మంచం కడ్డీని వంకర వేళ్ళతో పట్టుకోబోయింది. పట్టు చిక్కలేదు. కోడలు తన చెయ్యి అందించింది.

“ఇంత నొప్పి నిన్న లేదే. ఏం చేశారే నన్ను?”

ఈ ప్రశ్న వస్తుందని కోడలికి తెలుసు. వరండాలో పరుగెత్తేటప్పుడు కూడా ఇంత భయం వెయ్యలేదు.

“మీరు నిద్రపోతుంటే కూడా బటన్ మేం నొక్కాం అత్తయ్యా. ఆపకుండా నొక్కాం. మందెక్కువై మీకు ఊపిరి ఆగిపోయింది. దానికి విరుగుడిచ్చారు. అందుకే ఈ నొప్పి.”

అత్తగారు ఆమెనే చూస్తోంది. కోడలు లెక్కపెట్టడం మర్చిపోయింది.

“డాక్టరుకెలా తెలిసింది?”

“నేనే చెప్పాను.”

“ఏమని?”

“మేం నొక్కామని.”

“మీరెందుకు నొక్కాల్సొచ్చిందో… అది కూడా చెప్పావా?”

కోడలు తన చేతిలో ఉన్న ఆ వేళ్ళ వైపు చూసింది. పక్కనే నర్సు కంప్యూటరు తెరిచి ఉంది. నిన్నటి టిక్కు ఉన్న గడిలో ఇప్పుడు ఎర్ర అక్షరాలతో ‘నొక్కలేరు’ అని ఉంది, పద్దెనిమిది మంచాల నర్సులూ, వచ్చేపోయే డాక్టర్లూ చూసేలా.

“చెప్పేశానత్తయ్యా.”

అత్తగారు చెయ్యి లాక్కుంది. లాక్కునే బలం కూడా లేదు, కోడలే వదిలింది. ఆవిడ నొప్పికి పెదవి కొరుక్కుంటూ, తలని కొంచెం కొంచెంగా కిటికీ వైపుకి తిప్పుకుంది.

ఒక్కటంటే ఒక్క తిట్టు రాలేదు.

కోడలు, వదిన నేల మీదే వదిలేసిన స్టాప్‌వాచీ తీసింది. అద్దం పగిలింది కానీ ముల్లు తిరుగుతోంది. దుప్పటి కింద ఆ ఛాతీ లేచేదాకా చూసి, మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టింది.